డబుల్ బ్యారెల్‌తో పన్నెండేళ్ళు: ఎలక్షనొస్తే స్టేషన్ గదిలోనే

ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్ తుపాకి అంటే ఏమిటో, తూటా ఎంత దూరం పోతుందో ఇక్కడ రాయను. అవన్నీ దుకాణంవాడు అరగంటలో చెప్తాడు. వాడు చెప్పని సంగతి ఒకటుంది. ఇంటి కాపలాకని తుపాకి కొన్నాక దొంగల కంటే ఎలక్షన్లే నన్ను ఎక్కువ ఏడిపించాయి.

మాది నల్లగొండ జిల్లా. ఊరికి రెండున్నర కిలోమీటర్ల అవతల బత్తాయి తోట, తోటలోనే ఇల్లు. 2012లో పక్క తోటలో ముసలి దంపతులను మంచానికి కట్టేసి ఒంటి మీది బంగారం ఒలుచుకుపోయారు. ఆ తర్వాత కుక్క మొరిగితే చాలు, ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్ళం. మా బాపు మాత్రం తుపాకి వద్దే వద్దన్నాడు. తొంభైల్లో అన్నలు (నక్సలైట్లు) ఊళ్ళోకి వస్తే ముందు అడిగేది తుపాకులే, అది ఉన్న ఇంటికే ఆపద ముందొస్తదని ఆయన లెక్క. నేను వినలేదు. తహసీల్దారు రిపోర్టు, పోలీసు రిపోర్టు, కలెక్టరేట్‌లో ఫైలు వెనకాల తిరగడం, అన్నీ కలిపి పద్నాలుగు నెలలకు, 2013 చివర్లో లైసెన్సు చేతికొచ్చింది.

మొదట్లో బాగుంది, అబద్ధం ఎందుకు. తుపాకి వచ్చిన సంగతి కూలీలకు, లారీ డ్రైవర్లకు, బత్తాయి బేరగాళ్ళకు వారంలో తెలిసిపోయింది. రాత్రిపూట తోటలో టార్చి వెలుగులు కనిపించడం ఆగిపోయింది. దసరాకి ట్రాక్టర్, స్ప్రేయర్ పక్కన దీన్నీ పెట్టి బొట్టు పెడితే అల్లుడు ఫోటోలు దిగాడు. అడవిపందులను కొట్టొచ్చా అని అడగనివాడు లేడు. కొట్టకూడదు. దానికి అటవీశాఖ అనుమతి, వాళ్ళు ఒప్పుకున్న షూటర్లు వేరే ఉంటారు. మన లైసెన్సు అందుకు పనికిరాదు.

ఇక అసలు సంగతి. ఎన్నికల కోడ్ వస్తే తుపాకి డిపాజిట్ చేయాలి. కాగితం మీదైతే జిల్లా స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కరి విషయం చూసి ఎవరు ఇవ్వాలో తేల్చాలి. బ్యాంకు గార్డులకు, షూటింగ్ క్రీడాకారులకు మినహాయింపు కూడా ఉంది. మాకు మాత్రం కానిస్టేబుల్ ఫోనే కమిటీ. "సార్, గన్ తెచ్చియ్యిండ్రి" అంటాడు, అంతే. 2014లో మొదటిసారి ఇచ్చినప్పుడు ఏమీ అనిపించలేదు, ఎండాకాలం అయ్యేలోపు వచ్చేసింది. 2018లో తెలిసొచ్చింది. అసెంబ్లీ ముందుగా రద్దయింది కదా, అక్టోబరులో ఇచ్చాను. డిసెంబరు 7న పోలింగ్ అయింది. తెచ్చుకుందామని పోతే పంచాయతీ ఎన్నికలన్నారు. జనవరిలో అవి అయ్యాయి. తర్వాత పార్లమెంటు, ఏప్రిల్ 11. తర్వాత ఎంపీటీసీ, జడ్పీటీసీ, వాటి లెక్కింపు జూన్ 4కి పోయింది. మొత్తం ఎనిమిది నెలలు. పల్లెలో మనిషికి మనిషికి పడనిది సర్పంచ్ ఎన్నికలప్పుడే. అన్నదమ్ములు కూడా మాట్లాడుకోని ఆ నెలలో మా ఇంట్లో ఉన్నది ఖాళీ బీరువా, ఒక రసీదు.

జూన్ మధ్యలో ఫోనొచ్చింది, వచ్చి తీసుకుపోండని. తొలకరి పడి తోటలో పని మీద పడ్డ రోజులు. సాయంత్రం స్కూటర్ మీద పోతే స్టేషన్‌లో నాలాంటివాళ్ళు పది మంది ఉన్నారు. తుపాకులకు దారంతో కట్టిన అట్టముక్కల మీద సిరా చెమ్మకు అలుక్కుపోయింది. స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ తన పుస్తకంలో సంతకం పెట్టించుకుని, లోపలి నుంచి తెచ్చి చేతిలో పెట్టాడు. నంబరు చూసుకోమని ఆయన అనలేదు. చూసుకోవాలని నాకూ తోచలేదు, ఆ తప్పు నాదే.

రాత్రి కరెంటు లేదు. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని నూనె గుడ్డతో తుడుస్తుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. "మన దానికి పిడి మీద గీత ఉండాలె గదా" అంది. నిజమే. 2015లో ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి పడి పిడి మీద జానెడు గీత పడింది. దీనికి లేదు. లైసెన్సు పుస్తకం తెచ్చి గొట్టం కింది నంబరు చూస్తే చివరి రెండు అంకెలు వేరు.

స్టేషన్‌కి ఫోన్ చేశాను. "ఏం గాదు సార్, పొద్దుగాల రాండ్రి" అన్నారు. మా మేనల్లుడు లాయరు, వాడికి చేశాను. "మామా, నీ లైసెన్సులో లేని నంబరు నీ ఇంట్లో ఉంటే అది లైసెన్సు లేని తుపాకే. ఆయుధాల చట్టం సెక్షన్ 25. ఎవరికీ చెప్పకు" అన్నాడు. పెట్టేసి, రెండు నిమిషాలకు మళ్ళీ వాడే చేశాడు. "కాదు కాదు, అందరికీ చెప్పు. ఇప్పుడే ఫోటో తీసి ఎస్సైకి వాట్సాప్ పెట్టు." పెట్టాను. పదకొండు గంటలకు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

ఆ తుపాకిని బీరువాలో పెట్టి తాళం వేసి, బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇది నా దగ్గరుంటే నాది ఎవడి దగ్గరుంది? వాడు దాంతో ఏమైనా చేస్తే నంబరు పట్టుకుని వచ్చేది మా ఇంటికే. ఇంటికి కాపలాకని కొన్న వస్తువుకి తెల్లారేదాకా నేను కాపలా కాశాను. టెన్షన్‌తో ఆ రాత్రి మూడుసార్లు టీ పెట్టించుకున్నానని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మర్నాడు తేలింది. నాలుగు రోజుల ముందే ఇంకో ఊరి పెద్దాయన నాది తీసుకుపోయాడు. డెబ్బై దాటిన మనిషి, నంబరు సంగతే ఆయనకు పట్టలేదు. నా తుపాకిని గొంగట్లో చుట్టుకుని బస్సులో వచ్చాడు. తిట్టాలని కాచుకుని ఉన్నాను, ఆయనే మొదలుపెట్టాడు. "తమ్మీ, తుపాకిని గిట్లనా ఉంచుకునేది? గొట్టంల తుప్పు బట్టింది." విప్పి చూస్తే గొట్టాలు అద్దంలా ఉన్నాయి. నాలుగు రోజులు కూర్చుని కిరసనాయిలుతో, నూనెతో తోమాడట. ట్రిగ్గర్ దగ్గర ఏడాదిగా వదులుగా ఉన్న మర కూడా బిగించాడు. కొన్న కొత్తలో కూడా అది అంత బాగా లేదు.

అప్పట్నుంచి పిడి అడుగున మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. ఇచ్చేటప్పుడు, తెచ్చుకునేటప్పుడు నంబరు ఫోటో తీస్తాను. ఆ అవకాశం తరచుగానే వస్తుంది. 2021లో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక, 2022 నవంబరు 3న మునుగోడు. మాది ఆ రెండు నియోజకవర్గాలూ కాదు, అయినా కోడ్ జిల్లా మొత్తానికీ ఉంటుంది. 2023 నవంబరులో అసెంబ్లీ, 2024 మే 13న పార్లమెంటు, ఆ వెంటే పట్టభద్రుల ఎమ్మెల్సీ.

టార్చి వెలుగులు ఆగిపోయాయని పైన రాశాను కదా. ఆ ఏడాదే ఊరి మలుపులో లైట్లు, సీసీ కెమెరా పెట్టారు. దేన్ని చూసి ఆగారో నేను చెప్పలేను. 2020లో ఇంటికి రెండు వందల గజాల్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగితీగ ఎత్తుకుపోయారు. తుపాకి అప్పుడు ఇంట్లోనే ఉంది, నేనూ ఉన్నాను. పొద్దున మోటారు ఆన్ కాకపోతే తెలిసింది. మెలకువ వచ్చినా చేసేదేమీ లేదనుకోండి. తీగ పట్టుకుని పారిపోతున్నవాణ్ణి వెనక నుంచి కాలిస్తే జైలుకు పోయేది నేనే. ప్రాణానికి ముప్పుంటే తప్ప ఆ మాట ఎత్తొద్దని మేనల్లుడు ప్రతి పండక్కీ గుర్తుచేస్తాడు. 2024 జులైలో ఐపీసీ బదులు కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ సంగతి మారలేదన్నాడు.

మనవళ్ళు పుట్టాక తుపాకి ఒక గదిలో, తూటాలు ఇంకో గదిలో, తాళంచెవులు వేర్వేరు చోట్ల. ఒకరోజు గడియారం పెట్టి చూశాను. పడుకున్న చోటు నుంచి లేచి తుపాకి నింపేసరికి మూడు నిమిషాలు పట్టింది, అదీ పగటిపూట, కళ్ళజోడుతో.

అమ్మేస్తావా అంటే, ఇప్పటికైతే లేదు. రెన్యువల్ 2027లో ఉంది, అప్పటికి నాకు అరవై నాలుగు. మా తోట ఒంటరిది, అరిస్తే వినేవాళ్ళు లేరు, అందుకని ఉంచుకున్నాను. ఊళ్ళోనో అపార్ట్‌మెంట్‌లోనో ఉండేవాళ్ళు అడిగితే నేను వద్దనే అంటాను. తుపాకి ఇంట్లో ఉంటే నాకు నిద్రపడుతుంది, స్టేషన్‌లో ఉంటే మా ఆవిడకు పడుతుంది.

పెద్దాయనా నేనూ తర్వాతి డిపాజిట్లన్నీ ఒకేరోజు పోయి చేశాం. నాది ఆయన, ఆయనది నేను, నంబరు పైకి చదివి రైటర్‌కి చెప్పేవాళ్ళం. 2024 జూన్‌లో తెచ్చుకోవడానికి నేనొక్కణ్ణే పోయాను. ఫోన్ చేస్తే, "ఆడనే ఉండనియ్యి తమ్మీ, నాకింక చూపు ఆనుతలేదు" అన్నాడు. నాది తీసుకుని, నంబరు చూసుకుని, ఎర్రచుక్క చూసుకుని వచ్చేశాను.