ఉక్కపోతలో ఐ3: మూడేళ్ల వాడకం తర్వాత

వైజాగ్ ఉక్కపోతకీ టచ్‌ప్యాడ్‌కీ పడదు. మే నెల మధ్యాహ్నం మర్రిపాలెం ఇంట్లో పనికి కూర్చుంటే వేలు జారదు, అతుక్కుంటుంది. మౌస్‌తో పనిలేని దారి వెతుక్కుంటూ మూడేళ్ల కిందట ఐ3కి మారాను. లినక్స్‌లో నడిచే ఈ విండో మేనేజర్‌ని, అంటే తెర మీద విండోలని సర్దిపెట్టే ప్రోగ్రాముని, మైఖేల్ స్టాపెల్‌బర్గ్ 2009లో మొదలుపెట్టారు. ఇందులో విండోలు ఒకదాని మీద ఒకటి పడవు. తెరిచినవన్నీ స్క్రీన్‌ని పంచుకుంటాయి.

వినడానికి బాగానే ఉంటుంది. నా 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో నాలుగో విండో తెరిచేసరికి ఒక్కొక్కటీ రిబ్బన్ ముక్కంత అయిపోయింది. మొదటి వారమే తీసేద్దామనుకున్నాను. మాడ్ మీట (ఐ3 షార్ట్‌కట్లన్నిటికీ పట్టుకోవాల్సిన మీట) పట్టుకుని డబ్ల్యూ నొక్కితే అవన్నీ ట్యాబులుగా మారతాయని తెలిశాక ప్రాణం కుదుటపడింది. మాడ్‌గా ఆల్ట్ కావాలా, విండోస్ బొమ్మ మీట కావాలా అని మొదట్లోనే అడుగుతుంది. రెండోదే మేలు, ఆల్ట్‌తో వేరే ప్రోగ్రాములకి బోలెడు పనులుంటాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం వర్క్‌స్పేసులే, అంటే అంకెలతో పిలిచే వేర్వేరు తెరలు. నాది అనువాదాల పని. 1లో మూలం, 2లో నా రాత, 3లో నిఘంటువులు. ఆల్ట్-ట్యాబ్‌లో వరస మాటిమాటికీ మారిపోతుంది కాబట్టి కళ్లతో వెతుక్కోవాలి. ఇక్కడ 3 ఎప్పుడూ 3నే. మాడ్‌తో 3 నొక్కేశాక గానీ నొక్కానని నాకే తెలియదు. మెయిల్‌ని కావాలనే 9లో పెట్టాను, వేలు అంతదూరం వెళ్లడానికి బద్ధకిస్తుందని. ఏ ప్రోగ్రాము ఎక్కడ తెరుచుకోవాలో ఐ3 సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ఒక్కో లైను రాస్తే చాలు.

చిరాకులూ ఉన్నాయి. బ్రైట్‌నెస్ మీటలు పనిచేయలేదు. తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్ అనే ప్రోగ్రాము దానంతటది లేవలేదు. రెండింటికీ లైన్లు నేనే రాసుకున్నాను. ఒకసారి క్లయింట్ ఆఫీసులో ప్రొజెక్టర్ తగిలిస్తే తెర మీద ఏమీ రాలేదు. పదిమంది చూస్తుండగా టెర్మినల్ తెరిచి తెరల్ని అమర్చే ఎక్స్‌రాండర్ కమాండ్ కొట్టాల్సి వచ్చింది. చెమటలు ఉక్కపోతవి కావు. మాడ్-షిఫ్ట్-క్యూ అయితే విండోని మూసేస్తుంది, నిజంగానా అని అడగదు. సగం నింపిన ఫారం అలా ఒకటి పోయింది.

ఇంట్లో వాళ్లకి మాత్రం ఇది కుదరదు. అమ్మ ఓసారి కరెంటు బిల్లు కడదామని లాగిన్ అయి, ఖాళీ తెర చూసి, "ఏటిరా, కంప్యూటర్ చచ్చిపోనాదేటి?" అంది. అమ్మకి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మామూలు డెస్క్‌టాప్‌తో వేరే లాగిన్ పెట్టాను. మెనూ ఉంది, ఐకాన్లు ఉన్నాయి, హాయిగా కట్టుకుంటోంది.