617 స్క్వాడ్రన్ జాడలో: లింకన్‌షైర్‌లో మూడు రోజులు

మా నాన్నగారు భారత వాయుసేనలో కాన్‌బెర్రా బాంబర్లకు మరమ్మతులు చేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపారు. మేలో మా దగ్గరికి ఇంగ్లండు వచ్చినప్పుడు ఆయన కోరింది ఒక్కటే, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఆనకట్టలు బద్దలు కొట్టిన బ్రిటిష్ వాయుసేన దళం 617 స్క్వాడ్రన్ ఉన్న చోటు చూడాలని.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి లింకన్‌కు రైల్లో సుమారు రెండు గంటలు. మొదటి రాత్రి బస మాత్రం బాధపెట్టింది. కింది అంతస్తు గది ఇస్తామని ఫోనులో చెప్పినవారు, తీరా వెళ్లాక మూడో అంతస్తు చూపించారు. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతుంటే నాకు చాలా కోపం వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ మాట ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

స్క్వాడ్రన్ పుట్టింది 1943 మార్చిలో, లింకన్ పక్కనే ఉన్న స్కాంప్టన్‌లో. ఆ స్థావరాన్ని 2023లో మూసేశారు కాబట్టి అటు వెళ్లలేదు. మర్నాడు టాక్సీలో వుడ్‌హాల్ స్పా చేరాం. బస్సులు తక్కువ, కారు ఉంటేనే సుఖం. అక్కడి పెట్‌వుడ్ హోటల్ యుద్ధకాలంలో ఈ స్క్వాడ్రన్ అధికారుల మెస్. అద్దె కాస్త ఎక్కువే అయినా ఆ తోట, ఆ నిశ్శబ్దం, సిబ్బంది మర్యాద చూశాక డబ్బు వృథా అయిందనిపించలేదు. స్క్వాడ్రన్ బార్ గోడల నిండా ఫొటోలు. ఇరవై, ఇరవై రెండేళ్ల ముఖాలు.

నాన్నగారు వాటి ముందు నిలబడి, ఆనకట్టల దాడి తర్వాతి కథంతా చెప్పుకొచ్చారు. 1944 నవంబరులో నార్వే తీరంలో జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్‌ను 9వ స్క్వాడ్రన్‌తో కలిసి ముంచేశారు. 1945 మార్చిలో పది టన్నుల గ్రాండ్ స్లామ్ బాంబుతో బీలెఫెల్డ్ రైలు వంతెనను కూల్చారు. 1952లో కాన్‌బెర్రాలు వచ్చాయి, 1955లో వాటితోనే మలయా వెళ్లారు. ఆ మాట దగ్గర ఆయన గొంతు మారింది, "మన విమానమే" అన్నారు. ఆ తర్వాత వల్కన్లు, టోర్నడోలు, 1991లో గల్ఫ్, 2003లో ఇరాక్. ఇప్పుడు మార్హమ్ స్థావరంలో ఎఫ్-35లు.

నన్నడిగితే, ఈ యాత్రలో ఒక్కచోటుకే వెళ్లగలిగితే ఈస్ట్ కర్క్‌బీ వెళ్లండి. 1944 మార్చిలో జర్మనీలోని న్యూరెంబర్గ్ మీద బాంబు దాడికి వెళ్లి చనిపోయిన అన్న క్రిస్టఫర్ జ్ఞాపకంగా, కోళ్ల ఫారాలు నడిపే పాంటన్ సోదరులిద్దరూ పాత వైమానిక స్థావరంలో కొంత భాగం కొని నిలబెట్టిన మ్యూజియం అది. అక్కడున్న 'జస్ట్ జేన్', ఆనకట్టల మీదికి వెళ్లిన లాంకాస్టర్ రకం బాంబరే, ఎగరదు కానీ నాలుగు మెర్లిన్ ఇంజన్లతో నేలమీద పరుగు తీస్తుంది. అందులో కూర్చోవాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి. మాకు దొరకలేదు, బయట నిలబడి చూశాం. ఇంజన్ కింద పెట్టిన రేకు పళ్లెంలో నల్లటి నూనె బొట్లు బొట్లుగా పడుతోంది. నాన్నగారు వంగి, వేలితో అంటుకుని, వాసన చూసి, "నూనె కారుతోందంటే ప్రాణం ఉన్నట్టే" అన్నారు. నాలుగో ఇంజన్ అందుకునేసరికి కాళ్ల కింద నేల అదిరింది.

చివరి రోజు లింకన్‌కు తిరిగొచ్చి, కాన్విక్ కొండ మీది బాంబర్ కమాండ్, అంటే బ్రిటిష్ బాంబర్ దళం, స్మారక కేంద్రానికి వెళ్లాం. దీన్ని చివరికి ఉంచుకోవడమే మంచిదైంది. హోటల్ గోడల మీద చూసింది పరాక్రమం, ఇక్కడ చూసేది దాని ఖరీదు. మధ్యలోని ఉక్కు స్తంభం ఎత్తు 31 మీటర్లు, అంటే లాంకాస్టర్ రెక్కల వెడల్పంత. చుట్టూ గోడల మీద ఆ దళంలో చనిపోయిన దాదాపు 58 వేల మంది పేర్లు. ఆనకట్టల దాడికి ఒక్క రాత్రిలో 19 విమానాలు వెళితే 8 తిరిగి రాలేదు. వెళ్లిన 133 మందిలో 53 మంది చనిపోయారు. కింద వరదలో కొట్టుకుపోయినవారు వెయ్యికి పైనే. వారిలో జర్మన్లు వెట్టిచాకిరీకి పట్టుకొచ్చిన సోవియట్ మహిళలు వందల్లో ఉన్నారు. ఆ దాడి గురించి చెప్పేవాళ్లు వారినీ తలచుకోవాలి.

గోడల మీది అక్షరాలను ఉక్కులో అవతలికి కనిపించేలా కోశారు. ఎవరో ఒక పేరు సందులో, ఇక్కడ యుద్ధ మృతుల జ్ఞాపకంగా పెట్టే ఎర్రటి గసగసాల కాగితం పువ్వు గుచ్చి వెళ్లారు. గాలికి అది ఊడి పడితే, నాన్నగారు మోకాళ్ల నొప్పితోనే వంగి తీసి, మళ్లీ అదే పేరులో గుచ్చారు.