కవలలతో కొత్త ఆయా: నీళ్లాటా, పార్కా?

ఏడాదిన్నర కవలలతో ఆయా ఒక్కతే ఉంటే మొదటి వారం ఇంట్లో నీళ్లాటే మేలు. రెండు వెడల్పాటి బేసిన్లు, ఒక్కోదానిలో 2 అంగుళాల గోరువెచ్చని నీళ్లు, రెండు స్టీలు గ్లాసులు, రెండు గరిటెలు. ఏదైనా ఒక్కటే పెట్టారో, జుట్లు పట్టుకుంటారు. కింద రబ్బరు మ్యాట్ వేయాలి. తడి టైల్స్ మీద ముందు జారేది ఆయానే. ఫోన్ మోగినా, బెల్ కొట్టినా కదలకూడదు. ఆ కాసిని నీళ్లలోనూ పసివాళ్లు మునిగిపోగలరు. ఆట అవగానే ఒంపేయాలి.

పార్కులో అసలు చిక్కు, ఇద్దరూ చెరోవైపు పరిగెత్తడం. చుట్టూ కంచె, ఒకటే గేటు ఉన్న చోటే ఎంచుకోండి. పక్కపక్క సీట్ల స్ట్రోలర్ లిఫ్టులో పడుతుందో లేదో ముందే కొలవండి. హైదరాబాద్ ఎండల్లో 9 దాటితే ఇనుప జారుడుబల్ల తొడలు కాలుస్తుంది, 7 గంటలకే బయల్దేరాలి. మధ్యాహ్నం నిద్ర మాత్రం పార్కుకు వెళ్లిన రోజే గట్టిగా పడుతుంది.