విజయనగరంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ శిక్షణ: మూడో సెమిస్టర్ నుంచి వెనక్కి చూసి రాస్తున్న సమీక్ష

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో నడిచే స్టాటిస్టిక్స్ శిక్షణ కేంద్రంలో నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఆరు నెలలు చదువుకున్నాను. చీపురుపల్లి నుంచి రైలులో వచ్చి వెళ్లేదాన్ని. ప్రవేశ పరీక్ష ఫలితం వచ్చిన రోజునే అభిప్రాయం రాసి ఉంటే అందులో నా ర్యాంకు తప్ప మరేమీ ఉండేది కాదు. ఇప్పుడు ఎమ్మెస్సీ మూడో సెమిస్టర్‌లో ఉన్నాను కనుక, అక్కడ నేర్చుకున్నదానిలో ఏది పీజీ తరగతిలో నాకు ఆసరా అయిందో, ఏది నేర్పకపోవడం వల్ల కష్టపడ్డానో తెలిసి రాస్తున్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున కేంద్రం పేరు ఇవ్వడం లేదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీట్లకు రాసే ఏపీ పీజీసెట్‌కు అక్కడ ఇచ్చే తర్ఫీదు చాలా బాగుంటుంది. ఆ పరీక్షలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, అంటే ఒక్కో ప్రశ్నకు దొరికేది 54 సెకన్లు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. ప్రతి ఆదివారం గడియారం పెట్టి రాయించడం వల్ల ఆ వేగం నాకు అలవాటైంది. అయితే ఐఐటీల వంటి సంస్థల్లో ఎమ్మెస్సీ సీటుకు ఐఐటీ జామ్ రాసేవారిని కూడా అదే బ్యాచ్‌లో కూర్చోబెట్టడం సరికాదు. అక్కడ మూడు గంటలకు 60 ప్రశ్నలే ఉంటాయి, కొన్నింటికి ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుంటాయి, కొన్నింటికి సంఖ్యను మనమే లెక్కకట్టి నింపాలి, మొదటి భాగంలో తప్పుకు కోత కూడా ఉంది. ఆ పరీక్షకు కావలసింది వేరే రకమైన నిదానం.

ఈ కేంద్రానికి నేను అన్నిటికంటే ఎక్కువ రుణపడి ఉన్నది పరికల్పన పరీక్షల పాఠానికి, అంటే ఒక మాట నిలుస్తుందో లేదో కొన్ని నమూనాలను కొలిచి తేల్చే పద్ధతికి. మాస్టారు ఒకరోజు పలాస జీడిపప్పు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు. దాని మీద డబ్ల్యూ 320 అని గ్రేడు ఉంది. పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 పలుకులు తూగాలని ఆ అంకెకు అర్థం. కాబట్టి ఒక్కో పలుకు సగటున కనీసం 1.42 గ్రాములు ఉండాలి. ఒక అబ్బాయి చెయ్యి పెట్టి తీయబోతే, "చేత్తో తీయకురా, చెయ్యి పెద్ద పలుకు మీదికే పోతుంది" అని ఆపి, పలుకులన్నిటినీ వరుసలుగా పేర్పించి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి 36 పలుకులను ఏరించారు. బంగారం కొట్లో వాడేలాంటి చిన్న కాటా మీద వాటిని ఒక్కొక్కటిగా తూచాము. సగటు 1.38 గ్రాములు, బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం 0.14 వచ్చాయి. సగటులో కనిపించిన తేడాను ఆ సగటులోని అనిశ్చితితో భాగిస్తే వచ్చే టీ విలువ మైనస్ 1.71 అయింది. పలుకులు గ్రేడుకు తగ్గాయా అని మాత్రమే అడిగితే, 5 శాతం స్థాయిలో, అంటే సరిగా ఉన్నవాటిని తగ్గాయని పొరబడే అవకాశం 5 శాతమే ఉండేలా చూస్తే, పట్టికలోని హద్దు మైనస్ 1.69; మా విలువ దాన్ని దాటింది కనుక తగ్గాయనే చెప్పాలి. గ్రేడుకు తేడాగా ఉన్నాయా అని రెండువైపులా అడిగితే హద్దు అటూ ఇటూ 2.03, దాన్ని మా విలువ దాటలేదు కనుక ఏమీ చెప్పలేము. అవే పలుకులు, అదే కాటా, తీర్పులు రెండు. ఏ ప్రశ్న అడుగుతున్నామో తూచకముందే నిర్ణయించుకోవాలని మాస్టారు ఆ రోజు చెప్పిన మాటను నేను ఎమ్మెస్సీ ప్రాక్టికల్ రికార్డు రాసే ప్రతిసారీ పాటిస్తున్నాను.

నమూనా నుంచి అసలు విలువను అంచనా కట్టే అంచనా సిద్ధాంతాన్ని కూడా ఆ పొట్లం నుంచే మొదలుపెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివి, తరువాత కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివిన సి.ఆర్. రావు గారు 1945లో ప్రచురించిన అసమానతను బోర్డు మీద పూర్తిగా నిరూపించి, గంట ఆకారపు నార్మల్ విభాజనంలో నిష్పాక్షికమైన ఏ అంచనాకూ ప్రతిచయన (శాంపిల్) సగటు కంటే తక్కువ విస్తృతి, అంటే తక్కువ చెదరడం, ఉండదని చూపించారు. 36కు బదులు 144 పలుకులు తూచితే సగటులోని అనిశ్చితిని కొలిచే ప్రామాణిక దోషం సగానికి దిగుతుంది, అంతకంటే దగ్గరి దారి లేదు. ప్రవేశ పరీక్షలో ఈ నిరూపణ ఎవరూ అడగరు. కానీ ఎమ్మెస్సీ థియరీ పేపర్లలో వ్రాయవలసినవి ఎక్కువగా నిరూపణలే, కనుక ఆ రెండు గంటలు వృథా అనుకున్న మా బ్యాచ్ వారు కొందరు తరువాత అభిప్రాయం మార్చుకున్నారు.

ఇక లోపాల విషయం. మాత్రికలు, రియల్ అనాలిసిస్ "డిగ్రీలో చదివినవే కదా" అని వారం రోజుల్లో ముగించారు. ఎమ్మెస్సీకి వెళ్లాక లీనియర్ మోడల్స్‌లో గాని, మల్టీవేరియట్ అనాలిసిస్‌లో గాని మాత్రికల పాఠంలోని వర్గరూపాలు, ఐగెన్ విలువలు చేతికి రాకుండా ఒక్క పేజీ కూడా ముందుకు కదలదు. మొదటి సెమిస్టర్‌లో నెలన్నర పాటు రాత్రుళ్లు కూర్చుని నేను వాటిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. స్టాటిస్టిక్స్ లెక్కలకు కంప్యూటర్‌లో వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌ను పేరుకైనా పరిచయం చేయలేదు. ప్రాజెక్టు చేసే సమయానికి అది లేకుండా పని జరగదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టినది అర్హత గురించి ఇచ్చిన తప్పుడు సలహా. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే నా స్నేహితురాలు డిగ్రీలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివింది. స్టాటిస్టిక్స్ ఆమె సబ్జెక్టు కాదు. గణితం ఉంటే చాలని ఫీజు తీసుకునేటప్పుడు ఆఫీసు గదిలో చెప్పారు. ర్యాంకు బాగానే వచ్చింది. ధ్రువపత్రాల పరిశీలనలో, ఆమె కోరుకున్న కోర్సుకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలన్న నిబంధన బయటపడింది. ఆమెకు ఒక సంవత్సరం పోయింది. మాస్టారు విచారం వ్యక్తం చేశారు గాని, ఫీజు తిరిగి రాలేదు. ఇలాంటి నిబంధన ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో విధంగా ఉంటుంది కనుక, ప్రకటనలోని అర్హత పేజీని విద్యార్థి ముందుపెట్టి చదివించిన తరువాతే డబ్బు తీసుకోవడం కేంద్రం బాధ్యత.

గది ఇరుకుగా ఉన్నా గాలి వస్తుంది, ముద్రించి ఇచ్చే నోట్సు స్పష్టంగా ఉంటుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవారు పీజీసెట్ కోసం ఇక్కడ చేరవచ్చని నేను నిస్సందేహంగా చెబుతాను. స్టాటిస్టిక్స్ లేకుండా డిగ్రీ చేసినవారు ముందుగా తాము కోరుకునే విశ్వవిద్యాలయం ప్రకటనను తీసుకుని వెళ్లి, తమ సబ్జెక్టులకు సీటు ఇస్తారా అన్న ప్రశ్నకు జవాబును రాతపూర్వకంగా అడగాలి. చేరేవారెవరైనా సరే, మాత్రికలకు కనీసం నెల రోజుల తరగతులు కావాలని మొదటి వారంలోనే మాస్టారిని కోరండి; పది మంది కలిసి అడిగితే ఆయన కాదనరు, మా బ్యాచ్‌లో ప్రతిచయనానికి అదనపు తరగతులు అలాగే వచ్చాయి.