ప్రభుత్వం మతానికి ఎంత దూరంలో ఉండాలి? మూడు దేశాల పద్ధతుల్లో ఏది మేలు?

నేను చదివిన సర్కారు బడిలో పొద్దున ప్రార్థన జరిగేటప్పుడు ఒక అమ్మాయి ఎప్పుడూ చివరి వరుసలో నిలబడేది. మేమంతా కళ్లు మూసుకుని సరస్వతీ శ్లోకం చెబుతుంటే ఆమె పెదవులు బిగించుకుని నేల చూసేది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అయినా రోజూ ఆ పది నిమిషాలు ఆ బడి ఆమెది కాకుండా పోయేది. అది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ప్రభుత్వం, మతం గురించి ఏ చర్చ వచ్చినా నాకు ముందు ఆమే గుర్తొస్తుంది. అందుకే అమెరికా, ఫ్రాన్స్, మన దేశం పాటిస్తున్న పద్ధతులను ఆమె నిలబడ్డ చోటు నుంచే చూస్తాను.

ముందు అమెరికా. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతం చేయకూడదు, ఎవరి ఆరాధననూ అడ్డుకోకూడదు అని 1791లో వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ చెబుతుంది. మతానికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలన్న మాట 1802లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ రాసిన ఉత్తరంలోది. ఆయన దాన్ని రాసింది కనెటికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు. ఆ సవరణ అప్పట్లో కేంద్ర ప్రభుత్వానికే వర్తించేది కాబట్టి అక్కడ వేరే క్రైస్తవ శాఖ అధికార మతంగా ఉండేది, వీళ్లు అల్పసంఖ్యాకులు. అంటే ఆ గోడ కావాలని కోరుకున్నవాళ్లలో గట్టి భక్తులూ ఉన్నారు. గోడ అనగానే నాస్తికుల కోరిక అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

గోడ బలం బాగా తెలిసింది 1962లో. న్యూయార్క్ రాష్ట్ర విద్యాధికారులు బడుల కోసం 22 మాటల చిన్న ప్రార్థన తయారుచేశారు. అందులో ఏ మతం పేరూ లేదు, ఇష్టం లేని పిల్లలు చెప్పక్కర్లేదు. అయినా కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. ప్రార్థన రాయడం ప్రభుత్వం పని కాదని సుప్రీంకోర్టు 6–1 తేడాతో తేల్చింది. ఇష్టం లేకపోతే ఊరుకోవచ్చు కదా అన్న వాదన పిల్లల దగ్గర చెల్లదు. క్లాసంతా ఒకవైపు ఉంటే ఒక్క పిల్ల ఊరుకోవడానికి ఎంత ధైర్యం కావాలో నేను చూశాను. 1984లో మరో కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ ఇదే విషయాన్ని సూటిగా చెప్పారు: ప్రభుత్వం ఒక మతాన్ని సమర్థిస్తే, ఆ మతం కానివాళ్లకు మీరు ఇక్కడ బయటివాళ్లు అని చెప్పినట్టే.

అయితే ఆ గోడకూ సందులున్నాయి. 1956 నుంచి ఆ దేశపు అధికార నినాదమే ‘దేవుణ్ణి నమ్ముతాం’. 2022లో ఒక ప్రభుత్వ స్కూలు ఫుట్‌బాల్ కోచ్ ఆట కాగానే మైదానంలో మోకరిల్లి ప్రార్థించడం తప్పు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. జడ్జీలు మారితే గోడ ఎత్తు కూడా మారుతోంది.

ఫ్రాన్స్‌ది ఇంకా కఠినమైన దారి. ఏ మతాన్నీ గుర్తించం, ఏ మతానికీ జీతాలు ఇవ్వం అని 1905 చట్టం చెప్పింది. అంతవరకు నాకు నచ్చింది. కానీ 2004లో ప్రభుత్వ బడుల్లో పిల్లలు హిజాబ్, సిక్కు తలపాగా, పెద్ద శిలువ లాంటివి ధరించడాన్ని నిషేధించారు. ప్రభుత్వం తన మతాన్ని చూపించకూడదంటే సరే, పిల్ల తన మతాన్ని దాచుకోవాలనడం ఏం న్యాయం? నా క్లాసు అమ్మాయికి ఈ పద్ధతిలో ప్రార్థన బాధ తప్పేది గానీ, మెడలో కాస్త పెద్ద శిలువ ఉంటే గేటు దగ్గరే ఆపేవారు.

ఇక మనది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణం అంటుంది. ఒక మతాన్ని పెంచడానికి పన్ను వేయకూడదని 27వ అధికరణం అంటుంది. కానీ నడిచేది వేరు. అందరికీ దూరంగా ఉండటానికి బదులు అందరికీ పంచడం మన అలవాటైంది. ఆంధ్రప్రదేశ్‌లో చిన్న గుళ్లకు ధూపదీప నైవేద్యం పథకం, ఇమాములకు, పాస్టర్లకు గౌరవ వేతనం. హజ్ సబ్సిడీని పదేళ్లలో ఎత్తేయమని 2012లో సుప్రీంకోర్టు చెబితే 2018లో కేంద్రం ఆపేసింది. మిగతా పంపకం ఆగలేదు. అందరికీ ఇస్తున్నాం కాబట్టి సమానమే కదా అంటారు. నేను ఒప్పుకోను. ఏ దేవుణ్ణీ నమ్మనివాడికి, అడవిలో తన వేల్పును కొలుచుకునే కోయవాడికి ఆ లెక్కలో చోటెక్కడుంది? పైగా జీతం ఇచ్చే చేతిని పూజారి గానీ పాస్టర్ గానీ నిలదీయగలరా?

అలాగని అమెరికా గోడను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు నష్టమే. గుడి తలుపులు దళితులకు తెరిపించింది చట్టమే, 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం లాంటివి. దేవదాసీ ఆచారాన్ని ఆపిందీ చట్టమే. గుడి అర్చకత్వం తరతరాలుగా ఒకే కుటుంబానికి దక్కే మిరాశీ హక్కులను ఆంధ్రప్రదేశ్ 1987 దేవాదాయ చట్టం రద్దు చేస్తే, 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వం గోడ అవతలే ఉండిపోతే ఇవి జరిగేవి కావు. కానీ తలుపు తెరిపించడం వేరు, లోపలికెళ్లి హుండీ లెక్కలు రాస్తూ కూర్చోవడం వేరు. అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర మనవాళ్లు కట్టుకున్న వేంకటేశ్వరస్వామి ఆలయాన్ని భక్తులే నడుపుకుంటున్నారు, తిరుమలకు ఈవోను ప్రభుత్వం నియమిస్తోంది.

అందుకే నా ఓటు ఇలా. బడిలోనూ ఖజానాలోనూ అమెరికా గోడ మేలు. వివక్షను ఆపడానికి మన రాజ్యాంగం ఇచ్చిన చొరవ మేలు. దుస్తుల జోలికి పోయే ఫ్రాన్స్ దారి మనకు వద్దు.

ఎటూ తేల్చుకోలేనిది భద్రాచలం. తానీషా కాలం నుంచి వస్తోందని చెప్పుకునే ముత్యాల తలంబ్రాలు, ప్రభుత్వం పంపే పట్టువస్త్రాలు చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. ముస్లిం పాలకుడు రాముడికి పంపిన కానుక అది. అయినా ముఖ్యమంత్రి భక్తుడిగా సొంత డబ్బుతో వెళ్లి సమర్పిస్తే, చివరి వరుసలో నిలబడ్డవాళ్లకూ ఆ రోజు ఇబ్బంది ఉండదు కదా అనిపిస్తుంది.