మెల్‌బోర్న్ మ్యాచ్ మేలా, ఓవల్ మ్యాచ్ మేలా?

మాది కావలి ట్రంకు రోడ్డులో జిరాక్సు షాపు. కౌంటర్ మీద ఫోన్‌లో ఏదో ఒక ఆట నడుస్తూనే ఉంటుంది. అందుకే వచ్చేవాళ్లు "రెండూ చూస్తావు గదబ్బా, రగ్బీ బాగుంటుందా, క్రికెట్టా?" అని అడుగుతుంటారు. ఆటల్ని మొత్తంగా తూచడం నావల్ల కాదు గానీ, 2025లో తొమ్మిది రోజుల తేడాతో చూసిన రెండు మ్యాచ్‌లని పక్కపక్కన పెట్టగలను. రెండూ మన టైముకి మధ్యాహ్నం మూడున్నరకే మొదలయ్యాయి, రెండూ చివరిదాకా తేలలేదు.

జూలై 26, శనివారం. మాంచెస్టర్ క్రికెట్ టెస్టులో ఇంగ్లండ్ మనమీద 669 దాకా సాగదీస్తుంటే చూడలేక రగ్బీ పెట్టాను: ఆస్ట్రేలియాతో లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) రెండో టెస్టు. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 90,307 మంది. ఆస్ట్రేలియా 23-5తో ముందుండేసరికి ఇంక అయిపోయిందనుకున్నా. లయన్స్ ఒక్కో ట్రై (గీత అవతల బంతిని నేలకి ఆనించడం) కొట్టుకుంటూ దగ్గరికొచ్చారు. చివరి నిమిషంలో లయన్స్ ఆటగాడు హ్యూగో కీనన్ గీత దాటి బంతి ఆనించాడు. లయన్స్‌కి 29-26.

సరిగ్గా అప్పుడే పక్క షాపు ఎలక్ట్రీషియన్ తొంగి చూసి "ఎవురు గెలిచారు?" అన్నాడు. ఏం చెప్పను? అంతకుముందు రక్‌లో, అంటే కిందపడ్డ బంతి కోసం జరిగే తోపులాటలో, లయన్స్ ఆటగాడు జాక్ మోర్గాన్ ఆస్ట్రేలియా ఆటగాడు కార్లో టిజానోని ఢీకొట్టాడు. అది ఫౌలా కాదా అని రిఫరీ ఆండ్రియా పియార్డి పెద్ద స్క్రీన్ మీద తిప్పి తిప్పి చూస్తున్నాడు. "ఉండన్నా, చూస్తున్నారు" అన్నా. ఆయన కాసేపు నిలబడి, విసుగొచ్చి వెళ్లిపోయాడు. తర్వాత ట్రై ఇచ్చారు. నా లెక్కలో ఇచ్చింది సబబే. కానీ ఆస్ట్రేలియా కోచ్ జో ష్మిట్ ఒప్పుకోలేదు. గెలుపు కన్నా ఆ గొడవే పెద్దదైపోయింది.

నాకు తేడా ఇక్కడే. ఆఖరి క్షణం ఎవరినీ అడగకుండా తేలిపోవాలి. రగ్బీ పక్షాన ఒక మాట చెప్పాలి: రిఫరీ మాటలు మనకి వినబడతాయి, ఎందుకిచ్చాడో అర్థమవుతుంది. పైగా ఎనభై నిమిషాల్లో ఆట అయిపోతుంది, షాపున్నవాడికి అదెంత సుఖమో! అయినా సంబరాన్ని గొంతులోనే ఆపుకొని కూర్చోవడం నావల్ల కాదు.

ఆగస్టు 4, సోమవారం, ఓవల్‌లో ఇంగ్లండ్‌తో మన క్రికెట్ టెస్టు చివరి రోజు. ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, మనకి నాలుగు వికెట్లు. ముందురోజు సిరాజ్ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ మీద కాలేశాడు. 19 దగ్గర బతికిపోయిన బ్రూక్ 111 కొట్టాడు. ఆ రాత్రి సిరాజ్‌కి నిద్రెట్లా పట్టిందో. సోమవారం ఆట మొదలవగానే ఓవర్టన్ ప్రసిద్ధ్ బంతుల్ని రెండు ఫోర్లు బాదాడు. ఇంక మ్యాచ్ పోయిందనుకున్నాం. సిరాజ్ స్మిత్‌ని పంపాడు, ఓవర్టన్‌ని ఎల్బీడబ్ల్యూ చేశాడు. అదీ రివ్యూకి పోయింది, కాదనను. కానీ అది మధ్యలో, చివర్లో కాదు. తొమ్మిదో వికెట్ పడ్డాక భుజం జారిన వోక్స్ ఎడమ చెయ్యి స్వెటర్ లోపల కట్టుకుని వచ్చాడు. ఒక్క బంతి కూడా ఆడలేదు గానీ, పరుగెత్తినప్పుడల్లా ఆయన మొహం చూస్తే నాకే భుజం నొప్పెట్టింది.

అంతలో పాస్‌బుక్ కాపీలకని ఒక పెద్దామె వచ్చింది. "ఒక్క నిమిషం అమ్మా" అన్నా. ఆమె కూడా ఫోన్ వైపు ఒంగింది. సిరాజ్ యార్కర్, అట్కిన్సన్ స్టంప్ లేచిపోయింది. ఆరు పరుగులతో గెలుపు. టెస్టుల్లో పరుగుల లెక్కన మనకింత తక్కువ తేడాతో గెలుపు ఎప్పుడూ లేదు. క్రికెట్ అంటే ఏంటో తెలియని ఆ పెద్దామె "పడిపోయిందిగా, మనోళ్లే గెలిచారా?" అంది. ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సిడ్నీలో లయన్స్ మూడో టెస్టు మెరుపుల వల్ల ఆగింది, ఆస్ట్రేలియా గెలిచింది. సిరీస్ అప్పటికే లయన్స్ గెలిచేసుకుంది కాబట్టి దాని ఊసొద్దు. మాంచెస్టర్ డ్రా అంటే చివర్లో షేక్‌హ్యాండ్ రగడ తప్ప నాకేం గుర్తులేదు.

నాకు ఓవలే. సిరాజ్ హైదరాబాద్ కుర్రాడు కాబట్టి అలా అంటున్నానని మా ఎలక్ట్రీషియన్ అంటాడు. కొంత నిజమే. ఆ గెలుపు హడావుడిలో మెషిన్ మూత వెయ్యడం మర్చిపోయి బటన్ నొక్కేశాను. పెద్దామె కాపీ అంచులన్నీ నల్లగా వచ్చాయి. "ఇంకోటి తియ్యి నాయనా" అంది, అప్పుడు కూడా ఫోనే చూస్తూ.