చిత్తూరులో మా ఆఫీసు నాస్ పెట్టె: ఐదేళ్లు వాడాక చెబుతున్న మాట

చిత్తూరులో నాది ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు. నాతో కలిపి ఆరుగురం. బెల్లం మండీలు, మామిడి పల్ప్ ఫ్యాక్టరీలు, రెండు రైస్ మిల్లులు, నాలుగైదు చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు మా క్లయింట్లు. వాళ్ల ట్యాలీ డేటా, జీఎస్టీ రిటర్నులు, స్కాన్ చేసిన బిల్లులు అన్నీ మా దగ్గరే ఉంటాయి. 2021 ఫిబ్రవరి నుంచి వీటన్నింటినీ కాపాడుతున్నది సినాలజీ కంపెనీ డీఎస్220ప్లస్ అనే రెండు డిస్కుల నాస్ పెట్టె. నాస్ అంటే ఆఫీసు కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచుకునే పెట్టె. ఐదేళ్లు నిండాయి కాబట్టి ఇప్పుడు దాని గురించి ధైర్యంగా మాట్లాడగలను.

అంతకుముందు అందరిలాగే నేనూ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు వాడాను. సాయంత్రం ఆఫీసు మూసేముందు కాపీ పెట్టడం, బ్యాగులో వేసుకుని ఇంటికెళ్లడం. 2020 డిసెంబరులో అది టేబుల్ మీద నుంచి కింద పడింది. మళ్లీ కనెక్ట్ చేస్తే టిక్ టిక్ అని శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఒక బెల్లం మండీకి సంబంధించిన 2018-19 కొనుగోలు బిల్లుల స్కాన్లు దాంట్లో తప్ప ఇంకెక్కడా లేవు. కంప్యూటర్లో చోటు చాలడం లేదని నేనే తీసేశాను. మండీ ఆయన గొనెసంచిలో బిల్లుల కట్టలు మళ్లీ తెచ్చిచ్చారు. "ఏం మా, మా లెక్కలు ఉండాయా పొయినాయా?" అని ఆయన అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. పది రోజులు కూర్చుని అన్నీ మళ్లీ స్కాన్ చేశాం.

మా పనిలో పాత లెక్కలు పాతబడవు. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు రికార్డులు ఉంచాలి. 2017-18 వార్షిక రిటర్ను గడువు పెరుగుతూ పెరుగుతూ 2020 ఫిబ్రవరికి వచ్చింది కదా, అంటే ఆ మొదటి ఏడాది పుస్తకాలు 2026 ఫిబ్రవరి దాకా భద్రంగా ఉంచాల్సి వచ్చింది. కంపెనీలకైతే 2022 ఆగస్టులో వచ్చిన సవరణతో, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ మన దేశంలోనే ఉన్న సర్వర్లో ప్రతిరోజూ ఉండాలి. బ్యాగులో తిరిగే డిస్కుతో ఇది జరిగే పని కాదు.

కొనేటప్పుడు నేను కొంచెంలో తప్పు చేసేదాన్ని. డీఎస్220జే అనే మోడల్ చాలా చవక. చూడ్డానికి అదీ రెండు డిస్కుల పెట్టే. కానీ అందులో ర్యామ్ 512 ఎంబీ మాత్రమే, ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి, ఈఎక్స్‌టీ4 ఒక్కటే. ప్లస్‌లో ర్యామ్ 2 జీబీ, పైగా బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వస్తుంది. అది ఉంటేనే స్నాప్‌షాట్లు తీసుకోవచ్చు. స్నాప్‌షాట్ అంటే ఆ నిమిషానికి ఫోల్డర్ ఎలా ఉందో అలాగే పట్టి ఉంచడం. మొత్తం కాపీ చేయదు, తర్వాత మారిన ముక్కలకు మాత్రమే చోటు తీసుకుంటుంది. అందుకే మా ఆఫీసులో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకొకటి తీసినా పెద్దగా జాగా తినలేదు. పెట్టె, రెండు 4 టీబీ డిస్కులు, చిన్న యూపీఎస్ కలిపి యాభై వేలు దాటింది. ఆ రోజు గుండె కాస్త బరువెక్కిన మాట నిజమే.

రెండు డిస్కులు ఉన్నాయి కదా, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది, ఇక బ్యాకప్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. రెండు డిస్కుల మీదా ఒకే రాత ఒకేసారి పడుతుంది. మీరు ఫైలు చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుంది. వైరస్ పాడుచేస్తే రెండింట్లోనూ పాడవుతుంది. డిస్కు చచ్చిపోతే పని ఆగకుండా ఉండటానికి మాత్రమే ఆ ఏర్పాటు. ఈ తేడా నాకు కాగితం మీద తెలుసు. కళ్లారా చూసింది మాత్రం 2022 సెప్టెంబరు 27న.

ఆ రోజు మంగళవారం. ట్యాక్స్ ఆడిట్ గడువు మూడు రోజుల్లో ఉంది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మా స్టాఫ్‌లో ఒక అమ్మాయి "మేడం, ఈ పీడీఎఫ్ తెరుచుకోవడం లేదు" అంది. వెళ్లి చూస్తే ఫైలు పేరు చివర ఏవో తెలియని అక్షరాలు. పక్క ఫైలుకూ అంతే. నేను చూస్తుండగానే కింది ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటిగా మారుతున్నాయి. క్లయింట్ల ఫోల్డర్లు ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉంటాయి. ఏతో మొదలై కే దాకా వచ్చేసింది. చేతులు చల్లబడ్డాయి. పరుగెత్తి నెట్‌వర్క్ స్విచ్‌లో నుంచి నాస్‌కు వెళ్లే నీలం కేబుల్ లాగేశాను. తర్వాత మిగతా కేబుళ్లన్నీ పీకేసి, కంప్యూటర్లన్నీ ఆపించాను.

ఉదయం వచ్చిన ఒక మెయిల్‌లో ఇన్‌వాయిస్ అనుకుని ఆ అమ్మాయి తెరిచిన అటాచ్‌మెంట్ అది. ఆమెను ఒక్క మాట అనలేదు. రోజుకు నలభై ఇన్‌వాయిస్‌లు మెయిల్‌లో వచ్చే ఆఫీసు మాది.

ఇంట్లో ఉన్న నా ల్యాప్‌టాప్ తెప్పించి, దానికీ నాస్‌కూ మాత్రమే కేబుల్ పెట్టి లోపలికి వెళ్లాను. మధ్యాహ్నం రెండింటికి తీసిన స్నాప్‌షాట్ అలాగే ఉంది. దాన్ని పునరుద్ధరించమని నొక్కితే, లక్షకు పైగా ఫైళ్లున్న ఫోల్డర్ కొన్ని నిమిషాల్లో పాత స్థితికి వచ్చింది. మొదట తెరిచి చూసింది ఆ బెల్లం మండీ ఫోల్డరే. బిల్లులన్నీ ఉన్నాయి. అక్కడే కుర్చీలో కూలబడి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేకపోయాను.

ట్యాలీ సంగతి వేరు. ఆ డేటా నాస్ మీద కాకుండా నా కంప్యూటర్లోని ఎస్ఎస్‌డీలో ఉంటుంది. స్టాఫ్ అందరూ నెట్‌వర్క్‌లో దాన్నే వాడతారు. వైరస్ అక్కడికీ పాకి రెండు ఫర్ముల డేటా పాడుచేసింది. ప్లస్ మోడళ్లతో ఉచితంగా వచ్చే యాక్టివ్ బ్యాకప్ ఫర్ బిజినెస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌ను మొత్తంగా కాపీ తీస్తూ ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట కాపీ నుంచి ఆ ఫోల్డర్లు వెనక్కి తెచ్చుకున్నాను. ఒంటిగంట తర్వాత వేసిన ఎంట్రీలు మాత్రం మళ్లీ వేసుకున్నాం. ఆ అమ్మాయి కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచి, ముందురోజు కాపీతో నిలబెట్టేసరికి రాత్రి పదకొండున్నర. గడువును అక్టోబరు 7 దాకా పొడిగించారని తెలిసింది 30వ తేదీన. ఆలోపే మా ఆడిట్ పని అయిపోయింది.

ఆ రోజు స్నాప్‌షాట్లు ఎందుకు బతికాయంటే, స్టాఫ్ ఎవరి లాగిన్‌కూ అడ్మిన్ అధికారం లేదు. నేను రోజూ వాడే లాగిన్‌కు కూడా లేదు. అడ్మిన్ ఖాతా వేరు, దాని పాస్‌వర్డ్ వేరు, ఫోనుకు కోడ్ వస్తేనే తెరుచుకుంటుంది. మీరు ఏ కంపెనీ పెట్టె కొన్నా సరే, మొదటి రోజే ఈ పని చేయండి.

అలాగే పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ అనే ఇంకో కంపెనీ పెట్టెల మీద పడింది. ఒక్కొక్కరి దగ్గర 0.03 బిట్‌కాయిన్ అడిగింది. అంతకుముందు ఏడాది ఆగస్టులో, పాస్‌వర్డ్‌లు ఊహించి చొరబడే బాట్‌నెట్ (దొంగల చేతిలో పడ్డ కంప్యూటర్ల గుంపు) తమ పెట్టెల మీద తిరుగుతోందని సినాలజీయే హెచ్చరించింది. కంపెనీ ఏదైనా ప్రమాదం ఒకటే. ఇంటి నుంచి పని చేయాల్సి వచ్చినప్పుడు నేను టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను, అది మన పరికరాల మధ్య మాత్రమే రహస్య దారి వేస్తుంది. రౌటర్లో ఏ పోర్టూ తెరవాల్సిన పని లేదు.

ఇక డిస్కులు. 2024 మే నెలలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఆఫీసు తలుపు తీయగానే బీప్ బీప్ వినిపించింది. రెండో డిస్కు లైటు నారింజ రంగులో ఉంది. డిస్కు మూడేళ్ల వారంటీ అదే ఏడాది ఫిబ్రవరిలో అయిపోయింది. అప్పుడు నేను చేసిన మంచి పని ఒకటే. కొత్త డిస్కు పెట్టే ముందు, బతికి ఉన్న డిస్కులోని డేటాను యూఎస్‌బీ డిస్కులోకి ఇంకోసారి కాపీ తీశాను. రెండూ ఒకే రోజు, ఒకే షాపులో కొన్నవి. కొత్త డిస్కులోకి మొత్తం తిరిగి రాసేటప్పుడు పాతది గంటల తరబడి ఆగకుండా చదవాలి. అది కూడా ఆ ఒత్తిడిలో పోతే? మాకు రాత్రంతా పట్టింది, అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. అప్పటి నుంచి రెండు డిస్కులూ ఒకేసారి, ఒకే బ్యాచ్‌లో కొనవద్దని అందరికీ చెబుతున్నాను.

కొనేటప్పుడు సీఎంఆర్ డిస్కేనా అని తప్పకుండా అడగండి. సీఎంఆర్‌లో రాసే వరుసలు దేనికది విడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ అని ఇంకో రకం ఉంది. మన పెంకుటింటి కప్పులా అందులో ఒక వరుస మీద ఇంకో వరుస సగం ఎక్కి ఉంటుంది. మధ్యలో పెంకు మార్చాలంటే దాని మీది వరసలన్నీ కదపాలి కదా, ఆ డిస్కులో ఒకచోట తిరగరాయాలన్నా అంతే. మామూలు కాపీలకు పనికొస్తుంది గానీ, నాస్‌లో డిస్కు మార్చి మొత్తం తిరిగి రాయించేటప్పుడు నత్తనడక నడుస్తుంది. 2020 ఏప్రిల్‌లో డబ్ల్యూడీ కంపెనీ తన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వాటిలో కొన్ని ఇలాంటివేనని ఒప్పుకుంది. ఆ తర్వాత సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అని పేరు పెట్టింది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆరే. ఈ రెండింటికీ మూడేళ్ల వారంటీ, ప్రో రకాలకు ఐదేళ్లు. రెండోసారి నేను ఐదేళ్లదే తీసుకున్నాను.

కరెంటు విషయం. మా ఆఫీసుకు ఇన్వర్టర్ ఉంది, అయినా నాస్‌కు వేరే యూపీఎస్ పెట్టాను. ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోతే పెట్టెకు ముందు చెప్పేవాళ్లు లేరు, ఒక్కసారిగా ఆగిపోతుంది. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ వైరు పెడితే, బ్యాటరీ తగ్గగానే నాస్ తన పనులు ముగించుకుని తనంతట తాను ఆగుతుంది. వేసవి గాలివానలప్పుడు ఇది ఎన్నిసార్లు పనికొచ్చిందో లెక్కలేదు.

2021 నవంబరు వానలకు నీవా నది పొంగి పల్లపు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. మా ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది కాబట్టి ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి ఇంట్లో నిద్రపట్టలేదు. డిస్కులు రెండూ, కాపీలన్నీ ఒకే గదిలో ఉన్నాయి మరి. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఆఫీసుకు దూరంగా వేరే చోట అనే 3-2-1 లెక్కను పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. నాకు దాని విలువ ఆ వానల్లో అర్థమైంది. ఇప్పుడు రెండు యూఎస్‌బీ డిస్కులు వారానికొకటి మారుస్తాం. శనివారం ఒకటి ఇంటి బీరువాలోకి వెళ్తుంది, ఇంకొకటి ఆఫీసుకు వస్తుంది. సినాలజీదే అయిన హైపర్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ముఖ్యమైన ఫోల్డర్లు రాత్రిపూట ఎన్‌క్రిప్ట్ అయి ముంబైలోని క్లౌడ్‌కు కూడా వెళ్తాయి.

ఇంత చేసినా 2023లో ఒక పొరపాటు జరిగింది. యూఎస్‌బీ బ్యాకప్ మూడు నెలలుగా ఫెయిలవుతోంది, ఆ మెయిళ్లు నేను చూడని ఖాతాకు వెళ్తున్నాయి. పూర్తిగా నా బాధ్యతే. ఇప్పుడు నెలలో మొదటి శనివారం ఒక క్లయింటును ఎంచుకుని, వాళ్ల డేటా వేరే కంప్యూటర్లోకి వెనక్కి తెచ్చి, ట్యాలీలో తెరిచి, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందో లేదో చూస్తాం. అరగంట పని. నాస్ కొనాలనుకునేవాళ్లు ఎంత వేగం, ఎంత చోటు అని అడుగుతారు. డేటా వెనక్కి తేవడం ఎంత సులువు, ఎంత వెనక్కి వెళ్లొచ్చు అని ఎవరూ అడగరు. నేనైతే ముందు అదే అడుగుతాను.

వేగం గురించి రెండు మాటలు. దీని నెట్‌వర్క్ పోర్టులు ఒక గిగాబిట్‌వి, కాబట్టి సెకనుకు 110 ఎంబీ దగ్గర ఆగుతుంది. మా పీడీఎఫ్‌లకు, ఎక్సెల్ షీట్లకు చాలా ఎక్కువ. పెళ్లి వీడియోలు నేరుగా దీని మీద ఎడిట్ చేయాలనుకునే స్టూడియోలకు చాలదు, వాళ్లు ఇంతకంటే వేగమైన నెట్‌వర్క్ పోర్టు ఉన్న పెట్టె చూసుకోవాలి. ర్యామ్‌ను 6 జీబీ దాకా పెంచుకోవచ్చు. మేం పెంచాం, ఆరు కంప్యూటర్ల బ్యాకప్ నడుస్తుంటే ఆ తేడా తెలిసింది. ఇంట్లో ఫొటోల కోసం మాత్రమే అయితే, అవి ఒక టీబీ లోపే ఉంటే, నాస్ కొనకుండా రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు, కొంచెం క్లౌడ్ చాలని నా స్నేహితులకు చెబుతాను.

ఇప్పుడు కొనేవాళ్లకు ఈ వరసలోనే తర్వాత వచ్చిన డీఎస్225ప్లస్ ఉంది. దాంట్లో ఒక పోర్టు 2.5 గిగాబిట్. 2025 ఏప్రిల్‌లో సినాలజీ కొత్త ప్లస్ మోడళ్లలో తన పేరున్న, లేదా తాను ధ్రువీకరించిన డిస్కులే వాడాలని షరతు పెట్టింది. మనకిష్టమైన డిస్కు వేసుకునే హక్కు తీసేయడం నాకు అసలు నచ్చలేదు. అక్టోబరులో ఈ పెట్టెలను నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.3తో మామూలు సాటా డిస్కులకు ఆ షరతు ఎత్తేశారు కాబట్టి మళ్లీ సిఫారసు చేయగలుగుతున్నాను.

మా పెట్టెలో మొదటి డిస్కు ఇంకా 2021లో కొన్నదే. 44 వేల గంటలు దాటింది. పరీక్షల్లో ఇప్పటికీ బాగానే ఉందని చూపిస్తోంది, కానీ మామిడి సీజను మొదలయ్యేలోపు మార్చేస్తాను. కొత్తది వేరే షాపులో కొని తెచ్చాను, బీరువాలో అట్టపెట్టెలోనే ఉంది.